ఏఐ ఏజెంట్‌కి మీ వ్యాపారం సంగతి ఎట్ల రాసివ్వాలి: అడిగిన లెక్క సరిగ్గా రావాలంటే

"అన్నా, డేటా అంతా ఇచ్చినాం, డబ్బులు కట్టి మంచి ఏఐ మోడలే తీసుకున్నాం, అయినా పోయిన నెల అమ్మకం ఎంత అంటే పొద్దున ఒక లెక్క చెప్తాది, సాయంత్రం ఇంకో లెక్క చెప్తాది, ఎందుకు?" కర్నూలు రైస్ మిల్లుల వాళ్లు, అనంతపురం నూనె మిల్లుల వాళ్లు, ధర్మవరం పట్టుచీరల షాపుల వాళ్లు, కడపలో బట్టల హోల్‌సేల్ చేసేవాళ్లు, అందరూ ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాస్తే మేలని రాస్తున్నా, ఓపిగ్గా చదివి వరసగా చేసుకుంటా పోండి.

కారణం చిన్నదే. మీ వ్యాపారంలో అమ్మకం అంటే ఏంటో మీ గుమాస్తాకి తెలుసు, ఏజెంట్‌కి, అంటే మీ ఫైళ్లు చదివి లెక్క కట్టి పెట్టే ఏఐకి, తెలీదు. తెలీనప్పుడు అది ఆగి అడగదు, ఏదో ఒకటి అనుకొని లెక్క కట్టేస్తుంది, ఆ అనుకునేది ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటుంది. మోడల్ మార్చినా ఈ జబ్బు పోదు. గుమాస్తా తలకాయలో ఉన్నది కాగితం మీదికి రావాలి, అది ఏజెంట్ ప్రతిసారీ చదవాలి, సరిగ్గా చదివిందా లేదా అని మీరు పరీక్ష పెట్టాలి. పనంతా ఇంతే, కానీ ఓపిక కావాల.

ఏమేం కావాలంటే

- మీ డేటా ఒక పద్ధతిలో ఉండాలి. టాలీ నుంచి తీసిన ఎక్సెల్ అయినా పర్లేదు, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్ ఉంటే ఇంకా మంచిది.
- డేటాబేస్ అయితే చదవడానికి మాత్రమే పర్మిషన్ ఉన్న లాగిన్. రాయడానికి, చెరపడానికి పర్మిషన్ ఉన్న లాగిన్ ఏజెంట్ చేతికి ఎప్పుడూ ఇవ్వొద్దు, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.
- ఏజెంట్: చాట్‌జీపీటీ, క్లాడ్, జెమినై, ఏదైనా సరే, ఫైల్ చదివి లెక్క కట్టగలిగితే చాలు.
- మీ లెక్కలు బాగా తెలిసిన మనిషి. అకౌంటెంట్ కానీ, పాత గుమాస్తా కానీ, గోడౌన్ చూసుకునే ఆయన కానీ. ఈ మనిషి లేకుండా మొదలు పెట్టొద్దు, కంప్యూటర్ తెలిసిన పిల్లోడు ఒక్కడే కూర్చుని రాస్తే ఆ ఫైల్ పనికిరాదు.
- సరైన జవాబు మీకు ముందే తెలిసిన ఇరవై ముప్పై ప్రశ్నలు. ఇవి తర్వాత పరీక్షకి.

కింద అంతా కర్నూలు దగ్గర ఒక రైస్ మిల్లు అనుకుని చెప్తా, మీ వ్యాపారానికి తగ్గట్టు మార్చుకోండి.

1. ముందు ప్రశ్నలు పోగు చేయండి

డేటా దగ్గర మొదలు పెట్టకండి, ప్రశ్నల దగ్గర మొదలు పెట్టండి. మీ ఆఫీసు వాట్సాప్ గ్రూపు తెరిచి పోయిన రెండు మూడు నెలల్లో ఓనర్ ఏమేం అడిగినారో చూడండి. "ఆళ్లగడ్డ పార్టీల బాకీ ఎంత", "ఈ సీజన్ వడ్లు ఎన్ని వచ్చినాయి", "తవుడు ఏ రేటుకి పోతోంది", "పోయినేడు ఈ టైంకి ఎంత అమ్మినాం". వాళ్లు రాసిన మాటల్లోనే కాపీ చేసి పెట్టుకోండి, మీరు దిద్దొద్దు. ఎందుకంటే ఏజెంట్‌ని అడిగేది కూడా అదే భాషలో కదా.

ఆ ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చే మాటల కింద గీత గీయండి: అమ్మకం, బాకీ, సీజన్, బస్తా, స్టాకు, పార్టీ, ఏరియా. మామూలుగా పదిహేను ఇరవై మాటలు తేలతాయి. మొదట అవి రాసుకుంటే చాలు. మొత్తం వ్యాపారాన్ని రాయాలని కూర్చుంటే నెల అయినా తెమలదు, మధ్యలో వదిలేస్తారు.

2. ఒక్కో మాటకి ఒక్కో కార్డు రాయండి

అసలు పని ఇదే, టైం ఎక్కువ పెట్టాల్సింది కూడా దీని మీదే. అకౌంటెంట్ పక్కన కూర్చుని ఒక్కో మాటా అడగండి. "అమ్మకం అంటే ఏంది సార్" అంటే ఆయన "అమ్మకం అంటే అమ్మకమే" అంటారు, అక్కడ ఆగొద్దు, గుచ్చి గుచ్చి అడగండి. జీఎస్టీ కలిపా, కలపకుండానా? తిరిగొచ్చిన సరుకు తీసేయాలా? బిల్లు తేదీనా, లారీ కదిలిన తేదీనా, డబ్బులు వచ్చిన తేదీనా? తవుడు, నూకలు, ఊక అమ్మింది కలుస్తుందా లేక బియ్యం ఒక్కటేనా? ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కి పంపింది అమ్మకమా? సివిల్ సప్లయిస్ కోసం ఆడించి ఇచ్చే సీఎంఆర్ బియ్యం సంగతేంటి? ఆ బియ్యం మిల్లు నుంచే బయటికి పోతుంది, స్టాకు రిజిస్టర్లో కనపడుతుంది, కానీ అది మీ సరుకు కాదు, మీకొచ్చేది ఆడింపు కూలి మాత్రమే. చెప్పకపోతే ఏజెంట్ దాన్ని కూడా అమ్మకంలో కలిపేస్తుంది, అప్పుడు మీ వ్యాపారం ఉన్నదానికన్నా చాలా పెద్దగా కనపడుతుంది.

కార్డు ఇట్ల ఉండాలి:

మాట: అమ్మకం
వేరే పేర్లు: సేల్స్, సేల్, బిల్లింగ్, టర్నోవర్
అర్థం: బయటి పార్టీలకి వేసిన బిల్లుల విలువ, జీఎస్టీ లేకుండా, క్రెడిట్ నోట్లు తీసేసి
ఏ తేదీ: బిల్లు తేదీ
కలిసేవి: బియ్యం, నూకలు, తవుడు, ఊక
కలవనివి: గోడౌన్ ట్రాన్స్‌ఫర్లు, సీఎంఆర్ బియ్యం, క్యాన్సిల్ అయిన బిల్లులు, లారీ బాడుగ
ఎక్కడ ఉంది: సేల్స్ షీట్, ట్యాక్సబుల్ వాల్యూ కాలమ్
ఎప్పటి నుంచి: 2024 ఏప్రిల్ 1
ఎవరు ఒప్పుకున్నారు: ఓనర్, అకౌంటెంట్

"కలవనివి" అనే లైను అందరూ వదిలేస్తారు, తప్పులు ఎక్కువగా పుట్టేది అక్కడే. ఏది కలుస్తుందో ఏజెంట్ ఎట్లనో ఊహించగలదు, ఏది కలవకూడదో ఊహించలేదు.

ఓనర్ ఒకటి, అకౌంటెంట్ ఒకటి చెప్తే? ఇది చాలాచోట్ల జరుగుతుంది, మంచిదే, ఇప్పుడే బయటపడింది. ఓనర్ దృష్టిలో అమ్మకం అంటే లోడ్ కదిలితే అయిపోయినట్టు, అకౌంటెంట్‌కి బిల్లు పడితేనే. రెండూ కలిపి ఒకే కార్డులో రాయొద్దు. "డిస్పాచ్" అని ఒకటి, "అమ్మకం" అని ఒకటి, రెండు కార్డులు చేసి, ఎవరైనా ఊరికే అమ్మకం అంటే ఏది తీసుకోవాలో రాసేయండి. ఇద్దరూ ఒప్పుకునే దాకా ఆ కార్డుని ఏజెంట్‌కి ఇవ్వకండి.

తెలుగులో రాయాలా ఇంగ్లీషులోనా అని అడుగుతారు. ఏదైనా అర్థం చేసుకుంటుంది, కానీ కాలమ్ పేర్లు మాత్రం డేటాలో ఎట్ల ఉన్నాయో అక్షరం మారకుండా అట్లనే ఉండాలి. తెలుగు లిపిలో రాసింది మోడల్‌కి కొంచెం బరువు, అదే విషయం ఇంగ్లీషులో అయితే తక్కువ టోకెన్లలో (మోడల్ మాటల్ని విడగొట్టుకునే ముక్కలు) అయిపోతుంది, అందుకని తెలుగులో రాస్తే పొట్టిగా రాయండి. వేరే పేర్ల లైనులో మాత్రం మీ వాళ్లు టైప్ చేసే రకరకాల స్పెల్లింగులన్నీ పెట్టండి. సోనా అని ఒకరు, బీపీటీ అని ఒకరు, 5204 అని ఇంకొకరు బిల్లులో రాస్తారు, మీ మిల్లులో అవన్నీ ఒకటేనా వేరు వేరా అనేది మీరే చెప్పాలి, ఏజెంట్ మూడు సరుకులు అనుకుంటుంది.

3. తూకం, క్యాలెండర్, ఊరు: ఈ మూడూ విడిగా రాయండి

మన కాడ లెక్కలు ఎక్కువ చెడిపోయేది ఈ మూడింటి వల్లే. బయటి నుంచి వచ్చిన గైడ్లలో ఇవి ఉండవు, ఎందుకంటే ఇవి మన ఊరి సంగతులు.

తూకం. బస్తా అంటే ఎన్ని కిలోలు? వడ్ల బస్తా 75 కిలోలు. బియ్యం బస్తా 26 కిలోలు, ఎందుకంటే 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది, అప్పటి నుంచి మార్కెట్ 26 కిలోలకి మారింది. ఈ సంగతి చెప్పకపోతే ఏజెంట్ పాత, కొత్త బస్తాలన్నీ 25 కిలోలే అనుకుంటుంది, వెయ్యి బస్తాల దగ్గర పది క్వింటాళ్లు తేడా వస్తుంది. ఇంకా ఘోరం ఏందంటే, వడ్ల బస్తాలు, బియ్యం బస్తాలు ఒకే రకం అనుకుని రికవరీ (వడ్లలో ఎంత శాతం బియ్యం వచ్చింది) లెక్క కడుతుంది. 100 బస్తాల వడ్లంటే 7,500 కిలోలు, పచ్చి బియ్యానికి సర్కారు లెక్క 67 శాతం వేసుకుంటే 5,025 కిలోల బియ్యం, 26తో భాగిస్తే 193 బస్తాలు. అంటే 100 బస్తాలు లోపలికి పోయి 193 బస్తాలు బయటికి వచ్చినట్టు, రికవరీ 193 శాతం అని గ్రాఫ్ కూడా గీసి పెడుతుంది. కాబట్టి ఫైల్లో "బస్తాలు ఎప్పుడూ నేరుగా కూడొద్దు, ముందు కిలోల్లోకి మార్చు" అని రాసి, సరుకు పక్కన కిలోలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని టేబుల్ వేయండి.

నూనె మిల్లుల వాళ్లకి ఇదే గొడవ డబ్బాల దగ్గర. 15 కిలోల డబ్బా, 15 లీటర్ల డబ్బా రెండూ ఉంటాయి. వేరుశనగ నూనె లీటరు సుమారు 910 గ్రాములు, అంటే 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కిలోలే. వంద డబ్బాలకి 135 కిలోల తేడా, నూనె రేటుతో గుణించి చూస్కోండి ఎంతవుతుందో.

క్యాలెండర్. "మొదటి క్వార్టర్" అంటే ఏజెంట్ జనవరి నుంచి మార్చి అనుకోవచ్చు, మనకి ఏప్రిల్ నుంచి జూన్. "ఈ సీజన్" అంటే వడ్ల కొనుగోలుకి అక్టోబర్ నుంచి సెప్టెంబర్. ఈ రెండూ రాయండి. తేదీ రాసే పద్ధతి కూడా రాయండి, 04-05-2025 అంటే మే 4 అని, లేకపోతే ఏప్రిల్ 5 అనుకునే ప్రమాదం ఉంది.

బట్టల షాపులు, పట్టుచీరల వాళ్లు ఇంకో మెట్టు ముందుకు పోవాలి, పండగల తేదీల టేబుల్ ఇవ్వాలి. ఎందుకో చూడండి. ఉగాది 2022లో ఏప్రిల్ 2న, 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ఏప్రిల్ నుంచి మార్చి లెక్కలో పెట్టి చూస్తే 2023-24లో ఉగాదే లేదు, 2024-25లో రెండు ఉగాదులు ఉన్నాయి! రంజాన్ కూడా 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న, రెండూ అదే 2024-25లో పడినాయి. కర్నూలు, కడప, ఆదోని లాంటి ఊర్లలో బట్టల వ్యాపారానికి ఇది చిన్న విషయం కాదు. పండగల టేబుల్ ఇవ్వకుండా "పోయినేడుతో పోల్చు" అంటే, 2025 ఏప్రిల్‌లో అమ్మకాలు పడిపోయినాయి, కస్టమర్లు పోతున్నారు, డిస్కౌంట్ పెట్టండి అని సలహా కూడా ఇచ్చేస్తుంది. పోయింది కస్టమర్లు కాదు, పండగ ముందు నెలకి జరిగింది. "పండగ అమ్మకం పోల్చేటప్పుడు పండగకి ముందు 30 రోజులు తీసుకో, నెలతో నెల పోల్చొద్దు" అని ఒక్క లైను రాస్తే సరిపోతుంది. ధర్మవరం వాళ్లు మూఢాలు, ఆషాఢం తేదీలు కూడా కలపండి, ముహూర్తాలు లేని నెలలో పట్టుచీర కదలదని ఏజెంట్‌కి ఎవరు చెప్తారు మీరు కాక.

ఊరు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కడప నుంచి అన్నమయ్య జిల్లాల్లోకి చాలా ఊర్లు పోయినాయి. మీ పార్టీల లిస్టులో డోన్ పార్టీకి కొన్నిట్లో కర్నూలు అని ఉంటుంది, కొన్నిట్లో నంద్యాల అని ఉంటుంది, కదిరిది కూడా అంతే, అనంతపురం అని కొన్ని, సత్యసాయి అని కొన్ని. "కర్నూలు జిల్లాలో అయిదేళ్ల అమ్మకం చూపించు" అంటే 2022 కాడ ఒక్కసారిగా గోతిలో పడినట్టు గీత కిందికి దిగుతుంది, నిజానికి ఒక్క పార్టీ కూడా పోలేదు. కడప అయితే పేరు, స్పెల్లింగు రెండూ మారుతూ వచ్చినాయి, పాత బిల్లుల్లో ఒక రకం, కొత్త వాటిల్లో ఒక రకం, వైఎస్సార్ అని కొన్ని.

దీనికి చేయాల్సింది: పార్టీల లిస్టులో ఊరు లేదా మండలం కాలమ్ సరిచేసి, పక్కన "ఇప్పటి జిల్లా", "ఉమ్మడి జిల్లా" అని రెండు కాలమ్‌లు పెట్టండి. ఫైల్లో "2022కి ముందుతో పోల్చాల్సి వస్తే ఉమ్మడి జిల్లా వాడు" అని రాయండి. మీ సేల్స్ కుర్రోళ్లు "అనంతపురం ఏరియా" అన్నప్పుడు హిందూపురం, ధర్మవరం కూడా కలిపే అంటారు, అది కూడా ఒక కార్డు. హద్దులు మళ్లీ మారినా ఈ టేబుల్ ఒక్కటి మార్చుకుంటే చాలు.

4. షీట్ల గురించి, కాలమ్‌ల గురించి రాయండి

ప్రతి షీటుకి రెండు లైన్లు చాలు: ఇందులో ఒక వరస అంటే ఏంటి, దీన్ని ఎప్పుడు వాడాలి. "ఒక వరస అంటే ఏంటి" అనేది తప్పకుండా రాయండి. బిల్లుల షీట్లో ఒక వరస అంటే ఒక బిల్లు, సరుకుల షీట్లో ఒక వరస అంటే బిల్లులో ఒక సరుకు. ఒక బిల్లులో మూడు రకాల బియ్యం, లారీ బాడుగ 6,000 రూపాయలు ఉందనుకోండి. ఏజెంట్ రెండు షీట్లు కలిపితే ఆ 6,000 మూడు వరసల్లోకి వచ్చి 18,000 అవుతుంది. పైకి చూస్తే ఏమీ తెలీదు, టోటల్ మాత్రం తప్పు. "బాడుగ బిల్లుల షీటు నుంచే తీసుకో, సరుకులతో కలిపినాక కూడొద్దు" అని రాయాలి.

టాలీ వాడేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. క్యాన్సిల్ చేసిన వోచర్లు (టాలీలో ఎక్కించిన బిల్లులు, ఎంట్రీలు) నెంబరుతో సహా ఎక్స్‌పోర్ట్‌లో వస్తాయి, బిల్లులు ఎన్ని అని లెక్కపెట్టేటప్పుడు అవి కలిసిపోతాయి. ఆప్షనల్ వోచర్లు పుస్తకాల్లో పడవు, అవి విడిగా గుర్తు పెట్టండి. ఎక్స్‌ఎంఎల్‌లో తీస్తే డెబిట్ మొత్తాలకి మైనస్ గుర్తు ఉంటుంది, అది చెప్పకపోతే పార్టీలు మీకు బాకీ ఉన్నది పోయి మీరే వాళ్లకి బాకీ ఉన్నట్టు చెప్తుంది. 1,25,000 అని కామాలతో ఉన్న అంకెలు ఎక్సెల్లో అక్షరాలుగా పడి ఉంటే కూడికలో రావు, ముందే అంకెలుగా మార్చుకోండి.

వాడకూడని షీట్లు కూడా పేరు పెట్టి రాయండి, "పాతది", "కాపీ 2", "ఫైనల్ కొత్తది" లాంటివి. అసలు వాటిని ఆ ఫోల్డర్లోనే ఉంచకపోతే ఇంకా మేలు.

5. ముఖ్యమైన లెక్కలు ముందే కట్టి పెట్టండి

అమ్మకం, బాకీ, స్టాకు, రికవరీ, ఈ నాలుగైదూ ఏజెంట్ ప్రతిసారీ మొదటి నుంచి కట్టాల్సిన పని లేదు. డేటాబేస్ ఉంటే వీటికి వ్యూలు (డేటాబేస్‌ని లెక్క అడిగే క్వెరీకి పేరు పెట్టి దాచుకున్నవి) రాసి, "అమ్మకం అడిగితే ఈ వ్యూ నుంచే" అని చెప్పండి. కార్డు చదివి లెక్క కట్టడం కన్నా కట్టి పెట్టింది చదవడంలో తప్పు తక్కువ. పెద్ద కంపెనీల్లో దీన్నే సెమాంటిక్ లేయర్ అంటారు, డీబీటీ, క్యూబ్, లుకర్, పవర్ బీఐ అనే సాఫ్ట్‌వేర్లు అన్నిట్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది. ఒకే మిల్లు, ఒకే షాపు ఉన్నవాళ్లకి అవేవీ అక్కర్లేదు, నాలుగు వ్యూలు చాలు. ఎక్సెల్ మాత్రమే ఉన్నవాళ్లు క్యాన్సిల్ బిల్లులు తీసేసి, కిలోల కాలమ్, ఉమ్మడి జిల్లా కాలమ్ పెట్టి శుభ్రం చేసిన ఒక్క షీటు ఇవ్వండి, ముడి షీట్లు ఇవ్వకండి.

6. ఎట్ల నడుచుకోవాలో రాయండి

కార్డులు అర్థం చెప్తాయి, ఇది పద్ధతి చెప్తుంది. ఇట్ల రాసి పెట్టొచ్చు, కాపీ చేసుకోండి:

- అడిగిన మాట కార్డుల్లో లేకపోతే ఊహించొద్దు, ఏం అర్థమో నన్ను అడుగు.
- రెండు అర్థాలు వచ్చే ప్రశ్న అయితే లెక్క కట్టే ముందు ఏది కావాలో అడుగు.
- ప్రతి జవాబు కింద నాలుగు చెప్పు: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ కార్డు వాడినావు, ఏమేం తీసేసినావు, ఎన్ని వరసలు లెక్కలోకి వచ్చినాయి.
- లెక్క కోడ్ రాసి కట్టు, నోటి లెక్క వద్దు. రాసిన క్వెరీ చూపించు.
- డేటాలో లేని కారణాలు చెప్పొద్దు. అమ్మకం తగ్గితే తగ్గిందని చెప్పు, ఎందుకో డేటాలో కనపడితేనే చెప్పు.
- డేటా ఏ తేదీ దాకా ఉందో మొదట చెప్పు.

చివరిది చిన్నగా కనపడుతుంది కానీ చాలా పనికొస్తుంది. 20వ తేదీ దాకా ఎక్స్‌పోర్ట్ చేసిన డేటాతో "ఈ నెల తగ్గింది" అని చెప్పేస్తుంది, నెల ఇంకా అయిపోలేదని తెలీదు.

7. ఏజెంట్‌కి తగిలించండి

ఇది పెద్ద పని కాదు. చాట్ వాడేవాళ్లు ప్రాజెక్ట్ అని ఒకటి తెరిచి, 6వ మెట్టులోది ఇన్‌స్ట్రక్షన్లలో పెట్టి, కార్డుల ఫైల్, తూకం, పండగలు, ఊర్ల టేబుళ్లు అప్‌లోడ్ చేయండి. డేటాబేస్ ఉన్నవాళ్లు ఎంసీపీ ద్వారా కలపొచ్చు, ఏజెంట్‌ని బయటి డేటాకి తగిలించడానికి 2024 నవంబర్‌లో క్లాడ్ కంపెనీ ఆంత్రోపిక్ తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పుడు చాలా ఏజెంట్లు ఒప్పుకుంటాయి.

ఇక్కడ చేయకూడనివి రెండు. మొదటిది, ఉన్న కాగితాలన్నీ, వాట్సాప్ చాట్ అంతా, పాత రిపోర్టులు అన్నీ కుమ్మరించొద్దు. ఎక్కువ ఇస్తే ఎక్కువ తెలుస్తుందనుకుంటారు, కానీ పాత రిపోర్టులో అమ్మకం ఒక రకంగా, కార్డులో ఒక రకంగా ఉంటే ఏది పట్టుకుంటుందో చెప్పలేం, ఫైల్ పెద్దదయ్యే కొద్దీ మధ్యలో రాసినవి వదిలేయడం కూడా ఉంది. ఎప్పుడూ కావాల్సినవి ఒక పొట్టి ఫైల్లో, అప్పుడప్పుడు కావాల్సినవి వేరే ఫైళ్లలో పెట్టి, ఏది ఎప్పుడు తెరవాలో పొట్టి ఫైల్లో రాయండి. రెండోది, చాట్‌లో ఒకసారి చెప్పినాం కదా గుర్తు పెట్టుకుంటుందిలే అనుకోవద్దు. చాట్‌లో చెప్పింది ఫైల్లోకి ఎక్కకపోతే చెప్పనట్టే.

పార్టీల ఫోన్ నెంబర్లు, పాన్, బ్యాంక్ వివరాలు అప్‌లోడ్ చేసే షీట్ల నుంచి తీసేయండి, పార్టీ కోడ్ ఉంటే లెక్కకి చాలు. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లోనే వచ్చింది, అది పక్కన పెట్టినా మన మీద నమ్మకంతో ఇచ్చిన వివరాలవి.

8. పరీక్ష పెట్టండి

ఇంత చేసి చాలామంది ఇక్కడ వదిలేస్తారు. రెండు ప్రశ్నలు అడిగి, సరిగ్గా వస్తే "పనిచేస్తాంది" అనేస్తారు. వద్దు, కూర్చుని చేయండి.

మొదట పెట్టుకున్న ఇరవై ముప్పై ప్రశ్నలు తీయండి. ప్రతిదానికీ సరైన జవాబు అకౌంటెంట్ చేత్తో తీసి, సంతకం పెట్టినట్టు ఖాయం చేసి ఉండాలి. నడుస్తున్న నెల కాకుండా అయిపోయిన నెలలు తీసుకోండి, మారకుండా ఉంటాయి. తర్వాత:

ఒక్కో ప్రశ్న మూడు కొత్త చాట్లలో అడగండి. అదే చాట్లో మళ్లీ అడిగితే ముందు జవాబు చూసి అదే చెప్తుంది, పరీక్ష కాదు అది. మూడుసార్లు మూడు రకాలు వస్తే కార్డు సరిపోలేదని అర్థం.

అదే ప్రశ్న మాటలు మార్చి అడగండి. "మార్చి సేల్ ఎంత", "మార్చిలో ఎంత అమ్మినాం", "మార్చి బిల్లింగ్ చెప్పు". మూడూ ఒకే అంకె రావాలి.

జవాబు ఉండకూడని ప్రశ్నలు కూడా కొన్ని కలపండి. "ఏ పార్టీ మీద లాభం ఎక్కువ" అని అడగండి, మీ డేటాలో పార్టీ వారీ ఖర్చు లేకపోతే అది లేదని చెప్పాలి. ఏదో ఒక లాభం లెక్క చెప్తే ఫెయిలే. నా దృష్టిలో ఈ రకం ప్రశ్నలే అన్నిటికన్నా ముఖ్యం, తెలీదని చెప్పగలిగిన ఏజెంట్ చెప్పే మిగతా అంకెల మీద నమ్మకం కుదురుతుంది.

బయటి లెక్కతో పోల్చండి. నెల అమ్మకం టాలీ సేల్స్ రిజిస్టర్‌తో, జీఎస్టీఆర్-1లో (అమ్మకాలు చూపించే జీఎస్టీ రిటర్న్) చూపించిన విలువతో సరిపోవాలి, తేడా ఉంటే ఆ తేడా ఎందుకో ఒక్క మాటలో చెప్పగలగాలి, క్రెడిట్ నోటు వల్లనో, తర్వాత నెలలో దిద్దిన బిల్లు వల్లనో. జిల్లాల వారీ మొత్తం కూడితే రాష్ట్రం మొత్తం రావాలి. వడ్లు వచ్చింది, బియ్యం, తవుడు, నూకలు, ఊక పోయింది, స్టాకులో ఉన్నది కిలోల్లో సుమారుగా సరిపోవాలి.

తప్పు వచ్చినప్పుడు "తప్పు, మళ్లీ చూడు" అని చాట్లో కొట్టొద్దు. అది సారీ చెప్పి ఇంకో అంకె ఇస్తుంది, అది కూడా ఊహే. క్వెరీ చూడండి, ఎక్కడ దారి తప్పిందో పట్టుకోండి: మాట అర్థం కాలేదా, తప్పు షీటు తీసుకుందా, షీట్లు కలిపినప్పుడు వరసలు పెరిగినాయా, తేదీలు తప్పా. ఆ కార్డు దిద్ది, ఆ ఒక్క ప్రశ్నే కాకుండా మొత్తం ప్రశ్నలన్నీ మళ్లీ అడగండి, ఒకటి దిద్దితే ఇంకోటి చెడిపోవడం మామూలే.

ఎన్ని సరిగ్గా వస్తే వాడొచ్చు? బాకీ వసూలు, జీఎస్టీ లాంటి డబ్బు విషయాల్లో అన్నీ రావాలి, ఒక్కటి తప్పినా ఆ రకం ప్రశ్నలు ఏజెంట్‌కి ఇవ్వకండి, టాలీలోనే చూసుకోండి. ఏ సరుకు ఎక్కువ కదులుతోంది లాంటివి అయితే ఒకటీ అరా తేడా పర్లేదు, వరస సరిగ్గా ఉంటే చాలు.

9. ఫైల్‌ని ఎవరో ఒకరు చూసుకోవాలి

కార్డులు ఒకసారి రాసి వదిలేస్తే ఏడాదిలో పాతబడతాయి. కొత్త గోడౌన్ తీసుకుంటారు, బస్తా సైజు మారుస్తారు, కొత్త రకం బియ్యం వస్తుంది. ఒక మనిషి పేరు ఫైల్ మీద ఉండాలి, మార్చే అధికారం ఆ ఒక్కరికే. పాత అర్థాన్ని చెరపకండి, "ఈ తేదీ దాకా ఇది, ఈ తేదీ నుంచి ఇది" అని రెండూ ఉంచండి, లేకపోతే పోయినేటి లెక్క కొత్త అర్థంతో కడుతుంది.

కార్డులు రాయడానికి ఏజెంట్ సాయం తీసుకోవచ్చు, డేటా చూపించి "ఇందులో నీకు అర్థం కానివి ఏంటి, నన్ను ప్రశ్నలు అడుగు" అంటే మంచి ప్రశ్నలే అడుగుతుంది. కానీ దానంతట అదే ఫైల్లోకి రాసేలా వదలొద్దు. అది ఊహించి రాసింది రేపటికి నియమం అయిపోతుంది, ఎవరు రాసినారో తెలీకుండా పోతుంది. అది రాసిన డ్రాఫ్ట్ అకౌంటెంట్ చదివి ఒప్పుకున్నాకే లోపలికి.

మళ్లీ పరీక్ష ఎప్పుడంటే: కార్డు మార్చినప్పుడు, మోడల్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, ఏప్రిల్‌లో కొత్త లెక్కల ఏడాది మొదలైనప్పుడు. టైం లేకపోతే అమ్మకం, బాకీ, స్టాకు మీద అయిదారు ప్రశ్నలైనా అడగండి, వాటిల్లో ఏదన్నా తేడా వస్తే అప్పుడు మొత్తం లిస్టు తీయండి.